గణిత బోధనలో ఇంటరాక్టివ్ వనరులు: వరంగల్, ఉత్తర తెలంగాణ ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, జనగామ, ములుగు, మహబూబాబాద్, కరీంనగర్ ప్రాంతాల బడులలో గణితం చెప్పేవారు శిక్షణ తరగతుల్లోనూ, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాశాము. జవాబులన్నీ ఒకే నిడివిలో లేవు. ఎక్కడ చెప్పవలసినది ఎక్కువగా ఉందో అక్కడ ఆగి చెప్పాము.

ఇంటరాక్టివ్ వనరు అంటే సరిగ్గా ఏమిటి? టీ-శాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్) పాఠాలు, యూట్యూబ్ వీడియోలు కూడా అందులోకి వస్తాయా?

రావు. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని వీడియోలో ఎంత చక్కగా చూపించినా, దానిని తయారు చేసినవారు ఎంచుకున్న త్రిభుజాన్నే పిల్లవాడు చూస్తాడు. అదే త్రిభుజం శీర్షాన్ని తానే పట్టుకొని లాగగలిగినప్పుడు, దీనిని ఇంకా సన్నగా సాగదీస్తే మొత్తం తగ్గుతుందేమో అన్న అనుమానం అతనికి పుడుతుంది, ఆ అనుమానాన్ని అప్పటికప్పుడే తీర్చుకునే వీలూ ఉంటుంది. పిల్లలు ఏదైనా చేసినప్పుడు దానికి గణితపరంగా బదులిచ్చే వస్తువును మాత్రమే మేము ఇంటరాక్టివ్ వనరు అంటున్నాము. ఈ లెక్కన మడిచిన కాగితం ఇంటరాక్టివ్ వనరు అవుతుంది, రంగురంగుల పవర్‌పాయింట్ కాదు. వీడియోలు పనికిరావని దీని అర్థం కాదు. సెలవు పెట్టిన ఉపాధ్యాయుని పాఠం ఆగిపోకుండా చూడటానికీ, పునశ్చరణకూ అవి బాగానే ఉపయోగపడతాయి.

మా ఉన్నత పాఠశాలలో తరగతికి ఒకే ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంది, పిల్లలు నలభై మంది ఉన్నారు. అందరూ ఎలా పాల్గొంటారు?

అందరి చేతికీ ప్యానెల్ అందనవసరం లేదు, కానీ అందరి నోటుపుస్తకంలోనూ ఒక ఊహ రాసి ఉండాలి. మేము అన్ని పాఠాలలోనూ పాటించే నియమం ఇదొక్కటే: ముందు ఊహ, తరువాత కదలిక. y = ax² వక్రాన్ని తెరపై పెట్టి, a విలువను 1 నుండి 3కు మార్చితే వక్రం వెడల్పు అవుతుందా, ఇరుకు అవుతుందా అని అడిగి, ప్రతి ఒక్కరూ గీసి చూపించిన తరువాతనే స్లైడర్‌ను (విలువను మార్చడానికి తెరపై జరిపే మీటను) కదపాలి. సంఖ్య పెరిగింది కాబట్టి వక్రం కూడా వెడల్పవుతుందని గీసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. తెరపై అది ఇరుకుగా మారినప్పుడు వారి ముఖంలో కనిపించే ఆశ్చర్యమే ఆనాటి పాఠం. ఊహించమని అడగకుండా స్లైడర్ కదిపితే అదే వక్రం ఉత్త బొమ్మలాట అవుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, సాయంత్రానికి మరిచిపోతారు.

ప్యానెల్ దగ్గర ఒక పిల్లవాడినో పిల్లనో నిలబెట్టి, ఎటు లాగాలో మిగతావారు మాటలతో చెప్పే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. "అటు, ఇటు" అంటే కుదరదని, "వ్యాసార్థాన్ని మార్చకుండా బిందువును వృత్తంపైనే జరుపు" అని చెప్పవలసి వస్తుందని వారికే అర్థమవుతుంది. పారిభాషిక పదాలు బట్టీ పట్టకుండానే నోటికి వస్తాయి.

ఒక చిన్న విషయం కూడా చెప్పాలి. చాలాచోట్ల ప్యానెల్‌ను ఉపాధ్యాయుని ఎత్తుకు తగ్గట్టు గోడకు బిగించారు. ఆరో తరగతి పిల్లలకు పై సగం అందదు. పరారుణ కిరణాలతో స్పర్శను గుర్తించే ప్యానెల్ అయితే వేలే తగలాలన్న నియమం లేదు కాబట్టి, కొనకు మెత్తని రబ్బరు తొడిగిన పొట్టి కర్ర ఇస్తే సరిపోతుంది. అంచుల్లో సుద్దపొడి పేరుకుంటే ఆ ప్యానెల్ తాకకుండానే తాకినట్లు ప్రవర్తిస్తుంది. నల్లబల్ల పక్కనే ఉన్న ప్యానెల్ అంచులను వారానికొకసారి పొడి గుడ్డతో తుడవండి.

చాలా పేర్లు వినిపిస్తున్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులైతే జియోజెబ్రాతో, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులైతే ఫెట్ అనుకరణలతో (తెరపై పిల్లలే కదిపి చూసే చిన్న ప్రయోగాలతో) మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి వద్దు.

జియోజెబ్రాను మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన స్నాతకోత్తర పరిశోధనలో భాగంగా ప్రారంభించారు. జ్యామితి చిత్రం, దాని బీజగణిత సమీకరణం పక్కపక్కనే కనిపించి, ఒకదానిని మార్చితే రెండవది తానే మారడం దాని ప్రత్యేకత. ఫెట్ అనుకరణలను 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆరంభించారు. మొదట భౌతికశాస్త్రానికే ఉద్దేశించినా ఇప్పుడు భిన్నాలు, వైశాల్యం, సంఖ్యారేఖ, సమీకరణాల తుల్యత వంటి గణితాంశాలకు కూడా చక్కని అనుకరణలు అందులో ఉన్నాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. గ్రాఫులు మాత్రమే కావాలంటే 2011లో మొదలైన డెస్మాస్ అన్నింటికన్నా తేలిక. సమీకరణం టైపు చేస్తే చాలు, గ్రాఫ్ వచ్చేస్తుంది. ఈ మూడింటినీ తరగతి గదిలో ఉచితంగా వాడుకోవచ్చు.

జియోజెబ్రాలో నేనే ఒక పాఠం తయారు చేసుకోవాలంటే ఎంత కష్టం?

మీరు అనుకున్నంత కష్టం కాదు, కానీ మొదట్లో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. చతురస్రం కావాలంటే నాలుగు బిందువులను కంటి అంచనాతో పెట్టి కలిపేస్తారు. చూడటానికి చతురస్రంలాగే ఉంటుంది. తరగతిలో ఎవరో ఒక శీర్షాన్ని లాగగానే అది వంకర చతుర్భుజంగా మారిపోతుంది. గీయడం వేరు, నిర్మించడం వేరు. వృత్తలేఖినితో నోటుపుస్తకంలో ఎలా నిర్మిస్తామో ఇక్కడా అలాగే చేయాలి: ఒక రేఖాఖండం, దాని చివర ఒక లంబరేఖ, అదే పొడవు వ్యాసార్థంగా ఒక వృత్తం, ఆ రెండూ ఖండించుకున్నచోట మూడో శీర్షం. ఇలా నిర్మించిన చతురస్రాన్ని ఎటు లాగినా పెద్దదో చిన్నదో అవుతుంది, పక్కకు తిరుగుతుంది తప్ప చతురస్రంగానే ఉంటుంది.

నిజానికి ఈ పొరపాటును దాచుకోనవసరం లేదు. కంటితో గీసినదీ, నిర్మించినదీ రెండూ ఒకే తెరపై పెట్టి, ఈ రెంటిలో ఏది చతురస్రమని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగి చూడండి. కదపకముందు రెండూ చతురస్రాలే అంటారు. కదిపిన తరువాత మొదలయ్యే చర్చలో నిర్వచనం, ధర్మం, నిర్మాణం అనే మాటలన్నీ వాటంతటవే వస్తాయి.

మొదటి పాఠంగా మేము సూచించేది అర్ధవృత్తంలోని కోణం. వృత్తానికి వ్యాసం AB గీసి, వృత్తంపై C అనే బిందువు పెట్టి, ACB కోణాన్ని కొలవమనండి. వ్యాసానికి ఒకే వైపున C వృత్తంపై ఎక్కడికి జరిగినా 90 డిగ్రీలే చూపిస్తుంది. తరువాత AB వ్యాసం కాకుండా మామూలు జ్యాగా ఉంటే ఏమవుతుందో ముందుగా రాయించి, అప్పుడు కదపండి. ఈ పాఠం తయారు చేయడానికి మొదటిసారి అరగంట, అలవాటైన తరువాత ఐదు నిమిషాలు పడుతుంది.

తెరపై అన్నిసార్లూ 90 అని చూపిస్తే, ఇక నిరూపణ ఎందుకని పిల్లలు అడుగుతున్నారు.

అడగనివ్వండి, మంచి ప్రశ్న. దానికి మీ మాటలతో జవాబు చెప్పకముందు జియోజెబ్రా చేతనే చెప్పించవచ్చు. ఒక త్రిభుజం గీసి, మూడు కోణాలను రెండు దశాంశ స్థానాల వరకు చూపించి, వాటిని చేతితో కూడమనండి. ఏదో ఒక త్రిభుజం దగ్గర 59.33, 60.33, 60.33 వంటి విలువలు వచ్చి మొత్తం 179.99 అవుతుంది. తెర అబద్ధం చెప్పిందా, సిద్ధాంతం తప్పా అని అడగండి. ప్రతి విలువనూ సమీప విలువకు సవరించడం వల్ల ఈ తేడా వచ్చిందని పిల్లలే కనిపెడతారు. కొలత ఎంత సూక్ష్మమైనా కొలతే. అది మనకు అనుమానాన్నీ నమ్మకాన్నీ ఇస్తుంది కానీ కారణాన్ని ఇవ్వదు. మూడో శీర్షం గుండా త్రిభుజపు భూమికి (అడుగు భుజానికి) సమాంతర రేఖ గీసి ఏకాంతర కోణాలను చూపించినప్పుడు మాత్రమే కారణం తెలుస్తుంది. కదిలే చిత్రం చూపించిన రోజునే నిరూపణ కూడా చేయించండి. మరుసటి రోజుకు వాయిదా వేస్తే ఆ ఉత్సుకత చల్లారిపోతుంది.

మా ఊరి బడికి అంతర్జాలం సరిగా రాదు.

ములుగు, భూపాలపల్లి అటవీ గ్రామాల నుండి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. పైన చెప్పిన వాటిలో చాలా భాగం అంతర్జాలం లేకుండానే నడుస్తాయి. జియోజెబ్రాను ల్యాప్‌టాప్‌లో గానీ ఫోన్‌లో గానీ ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు. ఫెట్ అనుకరణ ఒక్కొక్కటీ ఒకే ఫైలుగా దిగుమతి అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్లి ఏ బ్రౌజర్‌లోనైనా తెరవవచ్చు. 2017 సెప్టెంబర్ 5న ప్రారంభమైన దీక్షా యాప్‌లోని పాఠాలను, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, సిగ్నల్ ఉన్నచోట దింపుకొని, లేనిచోట చూపించుకోవచ్చు. కంప్యూటర్ గది ఉన్న బడి అయితే లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ ఉచితంగా అందించే కోలిబ్రి అనే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించండి. ఒక ల్యాప్‌టాప్‌లో పాఠాలన్నీ నింపి పెడితే, మిగతా కంప్యూటర్లు బడిలోని వైఫై ద్వారా దానికే అనుసంధానమై పనిచేస్తాయి.

వారం పాఠాలకు కావలసిన ఫైళ్లను ఆదివారం ఇంట్లో దింపుకొని, ఒక్కొక్కటీ అంతర్జాలం ఆపేసి తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి. దింపుకున్నామనుకున్న ఫైలు తరగతిలో తెరుచుకోకపోవడం కన్నా ఇబ్బందికరమైనది లేదు. నలభై మంది ఎదుట తిరుగుతూనే ఉండే ఆ గుండ్రని గుర్తును మేమూ చూశాము.

మధ్యలో కరెంటు పోతే?

పిల్లల పుస్తకాల్లో ఊహలు రాసి ఉంటే పాఠం ఆగదు. నల్లబల్లపై రెండు మూడు స్థితులను గీసి చర్చ కొనసాగించండి.

పాత సీడీల్లోని గణిత కృత్యాలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కంప్యూటర్ పాడైందా?

కంప్యూటర్ బాగానే ఉంది. ఆ కృత్యాలలో చాలా వరకు అడోబీ ఫ్లాష్‌లో తయారైనవి. అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపివేసింది, ఆ తరువాత కొద్ది రోజులకే ఫ్లాష్ ప్లేయర్‌లో ఆ కృత్యాలు నడవకుండా అడ్డుకట్ట వేసింది. బ్రౌజర్‌లో జావా ఆధారంగా నడిచిన కృత్యాలదీ ఇదే గతి. 1999లో మొదలై ఎంతో పేరు పొందిన యూటా స్టేట్ విశ్వవిద్యాలయపు గణిత కృత్యాల సంకలనంలో ఎక్కువ భాగం జావాపైనే ఆధారపడింది. ఫ్లాష్ ఫైళ్లలో కొన్నింటిని రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరవవచ్చు. అయితే అంత శ్రమపడి తెరవదగిన కృత్యం అరుదు. అదే అంశానికి హెచ్‌టీఎంఎల్5లో (ఇప్పటి బ్రౌజర్లలో నేరుగా నడిచే పద్ధతిలో) చేసిన కొత్త అనుకరణ దొరుకుతుందేమో ముందు చూడండి.

తెర అసలే లేని బడిలో ఏమి చేయగలం?

చాలా చేయగలం. కొన్ని పాఠాలకు తెర కన్నా చేతి వస్తువే మేలని మా అభిప్రాయం.

పదో తరగతి సంభావ్యతకు అష్టాచెమ్మను మించిన వనరు మాకు కనిపించలేదు. చింతగింజలను ఒకవైపు బండపై అరగదీస్తే తెల్లగా అవుతుంది, రెండోవైపు నల్లగానే ఉంటుంది. అటువంటి నాలుగు గింజలు విసిరి, ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు జరుపుతారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ అంటే నాలుగు, నాలుగూ నల్లగా పడితే అష్ట అంటే ఎనిమిది. ఈ ఆటలో ఎక్కువగా పడేది ఏది, అష్ట అరుదా, చెమ్మ అరుదా అని ముందు రాయించండి. తెలుపు, నలుపు సమసంభవమైతే మొత్తం పర్యవసానాలు 16. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మ 1, అష్ట 1. కాబట్టి రెండు పడే సంభావ్యత 6/16, చెమ్మకూ అష్టకూ చెరి 1/16. ఒక విసురుకు సగటున జరిగే గళ్లు రెండున్నర.

అసలు పాఠం ఇక్కడి నుండే మొదలవుతుంది. జట్లుగా కూర్చోబెట్టి ఒక్కో జట్టు చేత వంద సార్లు విసిరిస్తే, చాలా జట్లకు పై లెక్క కుదరదు. అరగదీసిన గింజ ఒకవైపు చదునుగా, మరొకవైపు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి రెండు వైపులూ సమానంగా పడవు. ఒక గింజ తెల్లగా పడే సంభావ్యత 0.6 అనుకుంటే చెమ్మ సంభావ్యత 0.1296 అవుతుంది, అష్టది 0.0256 మాత్రమే. కొద్దిపాటి పక్షపాతం నాలుగు గింజలు కలిసేసరికి ఐదు రెట్ల తేడాగా మారింది. అష్టకు ఎనిమిది గళ్లు, చెమ్మకు నాలుగే ఇవ్వడం వెనుక ఇటువంటి అనుభవమేదైనా ఉందా అని పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనకు మీరు తీర్పు చెప్పనవసరం లేదు. పుస్తకంలో సైద్ధాంతిక సంభావ్యత, ప్రాయోగిక సంభావ్యత అని విడివిడిగా ఉన్న మాటలకు చేతిలోని గింజ అర్థం చెబుతుంది.

జ్యామితికి సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు, అగ్గిపుల్లలు చాలు. 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా ఈ పద్ధతిని దేశమంతటా ప్రచారంలోకి తెచ్చారు. ట్యూబ్ ముక్కలను కీళ్లుగా వాడి మూడు పుల్లలతో త్రిభుజం చేస్తే అది కదలదు. నాలుగింటితో చతురస్రం చేస్తే వేలు తగిలితే చాలు, సమచతుర్భుజంగా వాలిపోతుంది. మన ఇళ్ల రేకుల కప్పుల కింద ఇనుప చట్రంలో త్రిభుజాలే ఎందుకు ఉంటాయో మరునాడు చూసి రమ్మనండి.

మన ప్రాంతపు ఉదాహరణలు వాడాలంటున్నారు. అది పాఠానికి అలంకారమేనా?

చాలాసార్లు అలంకారమే అవుతోందని ఒప్పుకోవాలి. రాము స్థానంలో సమ్మయ్య అని, ఆపిల్ పండ్ల స్థానంలో సీతాఫలాలు అని మార్చినంత మాత్రాన లెక్క మారదు. స్థానిక వస్తువులోనే గణితం దాగి ఉంటే మాత్రం సంగతి వేరు. రెండు ఉదాహరణలు చెబుతాము.

మొదటిది గుంట. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు అని రైతుల పిల్లలకు బడికి రాకముందే తెలుసు. 121 అంటే 11 వర్గం. కాబట్టి ప్రతి భుజం 11 గజాలు ఉన్న చతురస్రం సరిగ్గా ఒక గుంట. జియోజెబ్రాలో భుజానికి స్లైడర్ పెట్టి, భుజాన్ని 22 గజాలు చేస్తే ఎన్ని గుంటలవుతుందో రాయమనండి. రెండు గుంటలని రాసేవారు సగానికి పైగా ఉన్నా కంగారు పడవద్దు. తెరపై నాలుగు గుంటలు కనిపించినప్పుడు, చుట్టుకొలత రెట్టింపైతే వైశాల్యం కూడా రెట్టింపవుతుందన్న పాత నమ్మకం కదులుతుంది. ఆపైన, చతురస్రాకారపు ఎకరం భుజమెంత అని అడగండి. 40 ఖచ్చిత వర్గం కాదు కాబట్టి స్లైడర్‌ను ఎంత జాగ్రత్తగా జరిపినా 69.57 దగ్గర కొట్టుమిట్టాడుతుంది. వర్గమూలం అనే మాట ఎందుకు అవసరమైందో ఎనిమిదో తరగతికి ఇంతకన్నా సూటిగా చెప్పలేము.

రెండవది బతుకమ్మ. అడుగు వరుస వ్యాసార్థం 24 సెంటీమీటర్లు అనీ, పైకి వెళ్లేకొద్దీ ఒక్కో వరుస వ్యాసార్థం 2 సెంటీమీటర్లు తగ్గుతుందనీ అనుకుందాము. పది వరుసలకు వ్యాసార్థాల మొత్తం 150, చుట్టుకొలతల మొత్తం దాదాపు 942 సెంటీమీటర్లు. ఒక పువ్వు 3 సెంటీమీటర్ల జాగా తీసుకుంటే మొత్తం 314 పువ్వులు కావాలి. ఇందులో పిల్లలు నమ్మలేనిది ఒకటుంది: ఏ వరుస నుండి పై వరుసకు వెళ్లినా చుట్టుకొలత తగ్గేది ఒకేలా, దాదాపు 12.57 సెంటీమీటర్లు. కింద పెద్ద వరుస కాబట్టి అక్కడ ఎక్కువ తగ్గుతుందని దాదాపు అందరూ ఊహిస్తారు. పువ్వుల లెక్కలో చూస్తే వరుసకు నాలుగు చొప్పున తగ్గుతూ పోయే అంకశ్రేఢి కనిపిస్తుంది. వరుసల సంఖ్య, వ్యాసార్థం, తగ్గుదల అనే మూడు స్లైడర్లు పెట్టి తెరపై బతుకమ్మను పేర్చించవచ్చు. దసరా సెలవుల ముందే ఈ పాఠం చేయిస్తే, ఇంట్లో నిజంగా పేర్చినప్పుడు పువ్వులు లెక్కపెట్టి వచ్చి, లెక్క ఎందుకు తప్పిందో సెలవుల తరువాత చెబుతారు. గునుగు కట్ట ఒక లావు, తంగేడు ఒక లావు కదా.

వేయిస్తంభాల గుడి, రామప్ప, ఖిలా వరంగల్ తోరణాలను గణితానికి ఎలా వాడుకోవచ్చు?

సౌష్ఠవానికి వాడుకోవచ్చు. ఖిలా వరంగల్‌లోని కీర్తి తోరణం ఫొటోను జియోజెబ్రాలో చేర్చి, మధ్యలో ఒక నిలువు రేఖ గీసి, ఎడమ భాగంపై ఉంచిన బిందువులను ఆ రేఖలో పరావర్తనం చేస్తే అవి కుడి భాగంలోని శిల్పాలపై పడుతున్నాయో లేదో చూడవచ్చు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఉన్నాయి కాబట్టి, పై నుండి చూసిన పటంలో 90 డిగ్రీల భ్రమణ సౌష్ఠవం గురించి కూడా మాట్లాడవచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి రెండింటికీ అడుగున నక్షత్రాకారపు వేదికలు ఉన్నాయి. ఆ ఆకారాన్ని చతురస్రాన్ని తిప్పడం ద్వారా ఎంతవరకు రాబట్టవచ్చో ప్రయత్నించమనడం మంచి కృత్యం.

ఫొటో తీసేటప్పుడు తోరణానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో నిలబడాలి. పక్క నుండి తీసిన ఫొటోలో ఒక స్తంభం పెద్దదిగా, మరొకటి చిన్నదిగా పడి సౌష్ఠవం పోతుంది. కొత్తవాడలో నేసే వరంగల్ దరీలు (జంపఖానాలు) కూడా ఈ పాఠానికి బాగా పనికివస్తాయి. 2018లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. తోరణం కన్నా దరీ అంచు మీదే స్థానాంతరణ సౌష్ఠవం (ఒకే నమూనా పక్కకు జరుగుతూ మళ్లీ మళ్లీ రావడం) స్పష్టంగా కనిపిస్తుంది.

త్రికోణమితికి బయటికి తీసుకెళ్లడం వృథా శ్రమ కాదా? బొమ్మ గీసి చెప్పవచ్చు కదా?

బొమ్మలో కోణం ఎప్పుడూ 30, 45 లేదా 60గానే ఉంటుంది. అదే ఇబ్బంది. కోణమానిని తిన్నని అంచుకు ఒక స్ట్రా అతికించి, మధ్య బిందువు నుండి దారంతో చిన్న రాయి వేలాడదీస్తే కోణం కొలిచే సాధనం తయారవుతుంది. స్ట్రాలోంచి తాటిచెట్టు మొవ్వను చూసినప్పుడు దారం చూపించే కోణాన్ని 90 నుండి తీసివేస్తే ఊర్ధ్వకోణం వస్తుంది. చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే 40 డిగ్రీలు వచ్చిందనుకుందాము. tan 40 దాదాపు 0.839 కాబట్టి కంటి ఎత్తు నుండి చెట్టు 16.8 మీటర్లు. దానికి పిల్లవాని కంటి ఎత్తు 1.4 మీటర్లు కలపాలి. ఈ కంటి ఎత్తును కలపడం మరిచిపోయేవారు, చెట్టెక్కే గీత కార్మికుడిని అడిగి సరిచూసుకున్నప్పుడు తమ తప్పును తామే పట్టుకుంటారు.

తిరిగి వచ్చిన తరువాత తెరపై చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. కోణం ఒక డిగ్రీ తప్పుగా చదివితే ఎత్తులో ఎంత తేడా వస్తుంది? పై చెట్టుకు 40 డిగ్రీల దగ్గర దాదాపు 0.6 మీటర్లు. చెట్టుకు మరీ దగ్గరగా వెళ్లి 70 డిగ్రీల కోణంతో కొలిస్తే 0.9 మీటర్లు. మరీ దూరంగా 20 డిగ్రీలతో కొలిచినా అంతే. తేడా అన్నింటికన్నా తక్కువగా ఉండేది 45 డిగ్రీల దగ్గర. ఎక్కడ నిలబడి కొలవాలి అన్న ప్రశ్నకు ఒక స్లైడర్, ఒక గ్రాఫ్ ఇచ్చే జవాబు ఇది. ఎండలో నిలబడి కొలవని పిల్లలకు ఆ ప్రశ్నే పుట్టదు.

ప్రాథమిక తరగతుల్లో భిన్నాలకు తెరతో మొదలుపెట్టవచ్చా?

వద్దు. ముందు కాగితపు పట్టీ మడవనివ్వండి, ఆ తరువాత తెర. నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి 1/4 కూడా 1/3 కన్నా పెద్దదని అనుకునే పిల్లలకు, ఒకే జొన్నరొట్టెను ముగ్గురు పంచుకుంటే ఎక్కువ వస్తుందా, నలుగురు పంచుకుంటే ఎక్కువ వస్తుందా అన్న ప్రశ్న చాలు. ఆ తరువాత ఫెట్‌లోని భిన్నాల అనుకరణలో అదే సంగతిని వేర్వేరు ఆకారాలలో, సంఖ్యారేఖపై చూపించండి. రొట్టె దగ్గరే ఆగిపోతే 5/4 అనే భిన్నం పిల్లలకు అసాధ్యంగా తోస్తుంది. సంఖ్యారేఖ ఆ చిక్కును విప్పుతుంది.

క్విజ్ యాప్‌లు వాడితే పిల్లలు చాలా ఉత్సాహంగా ఉంటున్నారు. అవి సరిపోవా?

ఉత్సాహం నిజమే. అయితే గడియారం పెట్టి నడిపే క్విజ్‌లో గెలిచేది వేగం. నిదానంగా ఆలోచించే పిల్లలు రెండో వారానికే వెనుక బెంచీకి చేరతారు. వాడదలిస్తే ప్లికర్స్ పద్ధతి మేలు. పిల్లల చేతిలో ఫోన్లు అక్కరలేదు, ప్రతి ఒక్కరికీ ఒక కాగితపు కార్డు ఉంటుంది. దానిని తిప్పి పట్టుకున్న తీరును బట్టి నాలుగు జవాబుల్లో ఏది ఎంచుకున్నారో ఉపాధ్యాయుని ఫోన్ కెమెరా చదువుతుంది. పక్కవారి జవాబు పక్కవారికి తెలియదు. మా సలహా ఏమిటంటే, దీనిని పాఠం చివర మార్కులకు కాకుండా, పాఠం మొదట్లో ఊహలు సేకరించడానికి వాడండి.

మా పిల్లలు తెలుగులో ఆలోచిస్తారు, తెరపై మాటలు ఆంగ్లంలో ఉంటాయి.

ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో రెండు భాషల పదాలూ ఎదురెదురు పుటల్లో ఉన్నాయి. ఆ తెలుగు పదాలనే వాడండి. స్పర్శరేఖ, ఛేదనరేఖ, నిరూపకాలు, చరరాశి అనే మాటలు పిల్లలకు అలవాటు కావాలి. జియోజెబ్రాలో మీరు పెట్టే పేర్లను, సూచనలను తెలుగు లిపిలోనే టైపు చేసుకోవచ్చు. తెరపై ఆంగ్ల పదం కనిపించినప్పుడు దానిని దాచకుండా, పక్కన తెలుగు పదం రాసి రెండూ పలికించండి. ఇంటర్మీడియట్‌కు వెళ్లినప్పుడు ఆంగ్ల పదం వారికి ఎలాగూ కావాలి.

సిలబస్ పూర్తి కాదన్న భయం ఉంది. ఏ పాఠాలకు వాడాలి, ఏ పాఠాలకు వదిలేయాలి?

అన్నింటికీ వాడితే నిజంగానే పూర్తి కాదు. పదో తరగతిలో బహుపదులు, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు, నిరూపక జ్యామితి, సరూప త్రిభుజాలు, వృత్తాలు అనే అధ్యాయాలకు కదిలే చిత్రం వల్ల సమయం ఖర్చవదు, మిగులుతుంది. రెండు రేఖలు ఖండించుకోవడం, సమాంతరంగా ఉండటం, ఏకీభవించడం అనే మూడు సందర్భాలను ఒక్క స్లైడర్‌తో పదిహేను నిమిషాల్లో ముగించవచ్చు. సమితులకు నల్లబల్లపై వెన్ చిత్రమే చాలు. సంవర్గమానాల సూత్రాలకూ, త్రికోణమితి సర్వసమీకరణాల నిరూపణకూ తెర ఏమీ చేయదు. అక్కడ చేతి అభ్యాసమే కావాలి.

ఇంట్లో ఫోన్ ఇస్తే గణితం కాకుండా ఆటలే ఆడుతున్నారని తల్లిదండ్రులు అంటున్నారు.

వారి మాట నిజం. ఇంటికి ఫోన్ పని ఇవ్వకండి. గింజలు, కాగితం, దారం ఉన్న పని ఇవ్వండి.

పిల్లలు నేర్చుకున్నారో, చూసి ఆనందించారో ఎలా తెలుస్తుంది?

వారం రోజుల తరువాత, తెర ఆపి అడగాలి. అదే రోజు అడిగితే కళ్ల ముందున్న బొమ్మనే చెబుతారు. ప్రశ్న కూడా చూపించినది కాకుండా దాని పక్కనున్నది కావాలి. గుంట పాఠంలో భుజాన్ని రెట్టింపు చేసి చూపించారు కాబట్టి, భుజం 33 గజాలైతే ఎన్ని గుంటలని ఒక చీటీపై బొమ్మ గీసి రాయమనండి. తొమ్మిది అని రాసి, తొమ్మిది గళ్లు గీసినవారికి పాఠం అందింది. గళ్లు లేకుండా తొమ్మిది అని మాత్రమే రాసినవారిని పిలిచి ఎలా వచ్చిందో అడగండి, వారు సూత్రం వాడి ఉండవచ్చు, పక్కవారి చీటీ చూసి ఉండవచ్చు. మూడు అని రాసినవారు పొడవు దగ్గరే ఉన్నారు. ఆరు అని రాసేవారు కొందరు ఉంటారు, వారిని తొందరపడి తప్పుపట్టకండి. రెండుకు నాలుగు వచ్చింది కాబట్టి మూడుకు ఆరు వస్తుందని, తెరపై చూసిన దాని నుండే ఒక నియమాన్ని అల్లుకున్నారు. స్లైడర్‌ను ఒకే ఒక్క చోట ఆపి చూపించడం వల్ల వచ్చిన పొరపాటు అది. మరుసటి తరగతిలో ప్యానెల్ దగ్గరికి ముందుగా వారినే పిలిచి, భుజాన్ని 11 నుండి 44 వరకు 11 గజాల చొప్పున జరుపుతూ, ప్రతిసారీ గుంటలు లెక్కపెట్టి పట్టికలో రాయమనండి.